మూడో పీరియడ్‌కి రిలీవర్

నూకరాజు మూడు భాషల్లో సంతకం పెట్టగలడు. తెలుగు సంతకం ఊళ్లో నేర్చుకున్నాడు. హిందీది ఉక్కు ప్లాంట్ నేర్పింది. ఇంగ్లీషుది యూనియన్ ఆఫీసులో ఆదివారాలు కూర్చుని పట్టుబట్టి నేర్చుకున్నాడు. చదవడం మాత్రం ఒక్క తెలుగే వచ్చు. భిలాయిలో తెలుగులో వచ్చే కాగితాలంటే పెళ్లి శుభలేఖలూ పెద్దకర్మ కార్డులే. మిగతా కాగితాలన్నిటి మీదా ఆయన చదవకుండానే సంతకం పెడుతూ వచ్చాడు. ముప్పై ఏడేళ్ల ఉద్యోగంలో దానివల్ల పెద్దగా మునిగిందేమీ లేదు. జూలై ఎనిమిదిన పెట్టిన సంతకం వల్ల మాత్రం మనవరాలు అమ్ముకి మ్యాథ్స్ పోయింది.

ఆ రోజు స్కూలుకి వెళ్లాల్సింది నిజానికి ఆయన కాదు, కొడుకు మనోజ్‌కుమార్. కానీ మనోజ్ ప్లాంట్‌లో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేస్తాడు. ఒక పూట మానితే అతని చోట ఇంకొకడు నిలబడి ఉంటాడు. కోడలు నీలిమ అంగన్‌వాడీలో ఆయా. ఆమెకి సెలవు దొరకడం కంటే వానాకాలంలో ఎండ దొరకడం తేలిక. కాబట్టి పదకొండో తరగతిలో చేర్పించడానికి అమ్ముని వెంటబెట్టుకుని తాత బయల్దేరాడు. ఇంటికి పది నిమిషాల నడకలో సర్కారీ హయ్యర్ సెకండరీ స్కూలు ఉంది. పదో తరగతి లెక్కల్లో తొంభై ఆరు వచ్చిన పిల్ల. తాత భుజం మీద కొత్త తువ్వాలు.

"ఏ గ్రూపు?" అని హిందీలో అడిగాడు క్లర్కు, తల ఎత్తకుండా.

"మ్యాథ్స్," అంది అమ్ము.

"మ్యాథ్స్ నహీ హై. టీచర్ నహీ హై. బయో రాస్తున్నా."

అమ్ము తాత చొక్కా లాగింది. "తాతా, నాకు బయో వద్దు. వేరే స్కూల్‌లో అడుగుదాం."

ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ల వైపు స్కూళ్లలో సీట్లు ఎప్పుడో నిండిపోయాయనీ, రేపు వస్తే ఇక్కడ బయో కూడా మిగలదనీ క్లర్కు గోడకి చెప్పినట్టు చెప్పాడు. ఒక కాగితం ఇటు తిప్పి వేలితో చోటు చూపించాడు.

"ఊరుకోయే గుంటా," అన్నాడు నూకరాజు కలం అందుకుంటూ. "ముందు గేటు లోపల పడాల. డిపార్ట్‌మెంటు తరవాత మార్చుకోవచ్చు. నాను మార్చుకోలేదేటి?"

అమ్ము ఆ కాగితం చదివింది. నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. బరువుల విషయంలో, మనుషుల విషయంలో తాత మాట తప్పుగా తేలడం ఆ పిల్ల అంతవరకూ ఒక్కసారే చూసింది.

నూకరాజు తెలివితక్కువ మనిషి కాదు. ఆయన బతుకే ఆయనకి ఆ పాఠం చెప్పింది. డెబ్బై ఎనిమిదిలో పలాస అవతల పల్లె నుంచి మేనమామ తోక పట్టుకుని వచ్చినప్పుడు బొగ్గు కాల్చే కోకోవెన్లలో ఖలాసీగా వేశారు. కింద మంట, పైన పొగ, నోట్లో నల్లటి ఉమ్మి. వారం తిరక్కుండా ఊరెళ్లిపోతానని ట్రంకుపెట్టె సర్దితే తెలుగువాళ్ల బస్తీ క్యాంప్ వన్‌లోని పెద్దలంతా ఒకే మాట అన్నారు: "గేటు లోపల పడ్డావు కదరా, ఇంకేటి? మెల్లిగా మార్చుకోవచ్చు." రెండేళ్లకి ఉక్కు కరిగించే విభాగం, స్టీల్ మెల్టింగ్ షాపులో ఒకడు దొరికాడు. ఫోర్‌మన్‌తో గొడవపడి ఎక్కడికైనా పోతానంటున్నవాడు. ఇద్దరూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. ఇతను అటు, అతను ఇటు. దాన్ని మ్యూచువల్ అంటారు. ఆ కాగితమే నూకరాజుని పొగలోంచి తీసి, డెబ్బై అడుగుల ఎత్తులో క్రేన్ కేబిన్‌లో కూర్చోబెట్టింది. ఇప్పుడు వాళ్లుండే ఖుర్సీపార్‌ బస్తీలో సగం సంసారాలు అలా కుదుటపడ్డవే. అందుకే అక్కడి ముసలివాళ్లకి గేటంటే దేవుడి గుమ్మం. లోపల కాలు పెట్టడమే కష్టం, తరవాతవన్నీ సర్దుకుంటాయి. తమ కొడుకుల నాటికి గేటు అదే ఉండి, లోపల సర్దుకునేది మాత్రం ఏమీ మిగల్లేదని కళ్లారా చూస్తున్నా ఆ నమ్మకం పోలేదు.

ఇంటికొచ్చాక అమ్ము ఏడవలేదు. మేకుకి ఎప్పుడూ వేలాడే దారం, దాని చివర కట్టిన పాత తాళంకప్ప విప్పి డబ్బాలో పడేసింది. అది నూకరాజు చూశాడు.

ఆ తాళంకప్ప కథ రెండేళ్ల నాటిది. తొమ్మిదో తరగతి అమ్ముకి తాత క్రేన్ కబుర్లు చెబుతున్నాడు. బకెట్ నిండా కరిగిన ఉక్కు, తాడుకి వేలాడుతూ ఊగడం మొదలెడితే కింద మనుషుల ప్రాణాలు పైనున్నవాడి చేతిలో. "బరువైంది మెల్లిగా ఊగుతాది, తేలికది బేగి ఊగుతాది," అన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. దారానికి తాళంకప్ప కట్టి ఊపి వంద లెక్కపెట్టింది. తాళంకప్ప తీసి చిన్న నట్టు కట్టి మళ్లీ వంద. గడియారం ఒకే మాట చెప్పింది. దారం పొట్టి చేసింది. అప్పుడు మారింది.

"ముప్పై ఏళ్లు నాను బరువునే సూసినాను," అన్నాడు నూకరాజు, ఓడిపోయినందుకు పొంగిపోతూ. "ఈ గుంట తాడుని సూసింది!"

"మరి ఊపు ఎలా ఆపేవాడివి తాతా?"

"అది ఎటు పోతే నానూ అటే పోయి, అది నిలబడే సోటుకి సరిగ్గా పైకొచ్చీసీవోడిని. అంతే, సచ్చినట్టు ఆగుద్ది."

"ఎప్పుడు కదలాలో ఎలా తెలుస్తుంది?"

"సెయ్యికి తెలుస్తాది."

చేతికి తెలిసేదాన్ని కాగితం మీద రాయడానికి లెక్క ఒకటి ఉంటుందనీ, అది ఇంజనీరింగు కాలేజీలో చెబుతారనీ అప్పటి స్కూల్లో లెక్కల మేడమ్ చెప్పింది. ఆ రోజు నుంచి అమ్ముకి ఆ లెక్క కావాలి. మెకానికల్ చదువుతుంది. తాత చేతిని కాగితం మీద పెడుతుంది. కోరిక అంతే.

"బయోలో మాత్రం సదువు లేదేటి?" అన్నాడు నూకరాజు ఆ సాయంత్రం. తన గొంతు తనకే నచ్చలేదు.

"ఉంది తాతా. కానీ మ్యాథ్స్ లేకుండా ఇంజనీరింగ్ గేటే తెరుచుకోదు. ఇది ప్లాంట్ కాదు, ఆర్నెల్లకి మ్యూచువల్ రాసుకోడానికి. ముప్పై ఒకటో తారీఖున లిస్టు పరీక్షల బోర్డుకి వెళ్లిపోతుంది. తర్వాత మారదు."

"అయితే ముందే సెప్పలేదేటే?"

"చెప్పాను కదా!"

చెప్పింది. చొక్కా పట్టుకుని లాగి మరీ చెప్పింది. వంటింట్లోంచి నూకరాజు భార్య గున్నమ్మ చేట చప్పుడు చేస్తూ అంది: "సంతకాలు మూడు రకాలు నేర్చినాడు గానీ ఆపుకోడం ఒక రకమూ నేర్వలేదు."

మర్నాడు ఆయన ఒక్కడే స్కూలుకి వెళ్లాడు. ప్రిన్సిపల్ మేడమ్ మంచి మనిషే. కుర్చీ చూపించింది, విన్నది. విని బీరువాలోంచి ఒక ఫైలు తీసింది.

"మూడేళ్లుగా లెక్కల టీచర్ కోసం రాస్తూనే ఉన్నాను బాబా," అంది హిందీలో. "మ్యాథ్స్ కావాలన్న పిల్లలు ఎంతమంది అని పైనుంచి అడుగుతారు. సున్నా. ఇవిగో రుజువులు."

ఫైలు నిండా కాగితాలు. చివరిదాని కింద తన హిందీ సంతకం, ఎద్దు కొమ్ములా వంపు తిరిగి. పైన ఏముందో చదవమన్నాడు. ఆమె చదివింది: "మా అమ్మాయి తన ఇష్టప్రకారం జీవశాస్త్రం ఎంచుకుంటున్నది. గణితం కోరడం లేదు."

నూకరాజు ఆ వాక్యం రెండోసారి కూడా చదివించుకున్నాడు.

టీచర్ లేడు కాబట్టి పిల్లలు లేరు, పిల్లలు లేరు కాబట్టి టీచర్ లేడు. ఈ గానుగ ఇలాంటి గల్లీల స్కూళ్లలోనే తిరుగుతుంది. పెద్ద రోడ్డు మీద కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో ర్యాంకులొచ్చిన పిల్లల మొహాలు తలుపులంత సైజులో నవ్వుతుంటాయి. ఆ పిల్లలనెవరూ టీచర్ లేడని వేరే సబ్జెక్టు రాసుకోమనలేదు. ఇక్కడి పిల్లల మీద మాత్రం లేమిని రుద్ది, అది వాళ్ల ఇష్టమేనని వాళ్ల పెద్దవాళ్ల చేతే రాయించుకుంటారు.

"ఆ పోస్టు తీసీసినారా అమ్మా?" అని అడిగాడు చివరికి.

"లేదు. పోస్టు ఉంది. మనిషే లేడు."

వరండాలో టైంటేబుల్ బోర్డు మీద పాత పెయింటు ఇంకా అలాగే ఉంది. మూడో పీరియడ్, పదకొండు, గణితం, గది ఏడు. ఆమె చదివి చూపించింది. నూకరాజు బోర్డు వంక చూశాడు, ఏడో నంబరు గది తాళం వంక చూశాడు.

"పోస్టు ఉంటే కాళీగా వదలకూడదమ్మా," అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

మెల్టింగ్ షాపులో ఒక నియమం ఉండేది. షిఫ్ట్ అయిపోయినా, సైరన్ మోగినా, నీ చోటుకి వచ్చే మనిషి, అంటే రిలీవర్, నీ ఎదురుగా నిలబడేదాకా నువ్వు కదలకూడదు. రాకపోతే రెండో షిఫ్టూ నీదే. మనోజ్ పుట్టిన రోజున కూడా రిలీవర్ రాలేదు. నూకరాజు పదహారు గంటలు కేబిన్‌లో ఉండిపోయాడు. గున్నమ్మ పక్కింటి జోగమ్మని తోడు తీసుకుని రిక్షా ఎక్కి కాన్పుకి వెళ్లింది. ఆ సంగతి ఆమె నలభై ఏళ్లుగా మరవలేదు, ఆయన్నీ మరవనివ్వలేదు.

కాబట్టి మర్నాటి పొద్దున ఆయన పాత సేఫ్టీ బూట్లు తుడుచుకుంటుంటే గున్నమ్మకి అర్థమైపోయింది.

"ఏటయ్యా? నా పురుడుకి రానోడివి, లేని మాస్టరు కుర్సీ కాయడానికి ఎల్తన్నావేటి?"

"రిలీవర్ వచ్చీదాకానే."

"ఆ మాటే అన్నావు అప్పుడూనూ. నీ కొడుకు పుట్టి పాలు తాగి పడుకున్నాక వచ్చినాడు నీ రిలీవరు."

ఏడో నంబరు గదిలో విరిగిన బెంచీలు, ఒక మూల వాన కారిన మరక, గోడకి నల్లబల్ల, ఒక చెక్క కుర్చీ ఉన్నాయి. ప్రిన్సిపల్ తాళంచెవి ఎందుకు ఇచ్చిందో ఆమెకే తెలియాలి. నూకరాజు కుర్చీ తుడిచి, మూడో పీరియడ్ గంట కొట్టగానే కూర్చున్నాడు. చంకలో పాత యూనియన్ డైరీ ఉంది. అందులో క్రేన్ లాగ్‌బుక్కులో రాసినట్టే తెలుగులో రాశాడు: "మూడో పీరియడ్. లెక్కలు. చార్జి: నూకరాజు. రిలీవర్ రాలేదు." కింద సంతకం, తెలుగుది.

క్లర్కు గుమ్మంలో నిలబడి, "బాబా, మీరేం చెప్తారు లెక్కలు?" అని హిందీలో వెక్కిరించాడు.

"నాకేటొచ్చు? నాను సెప్పడానికి రాలేదు. డ్యూటీ సేస్తన్నాను. మనిషొస్తే అప్పజెప్పి ఎల్లిపోతాను," అని ఈయన తన కోకోవెన్ హిందీలో జవాబిచ్చాడు.

ఆ గంట బయో పిల్లలకి ఆటల పీరియడ్. ఆటల టీచర్ కూడా లేడు. రెండో రోజు అమ్ము పుస్తకం పట్టుకుని వచ్చి ముందు బెంచీ మీద కూర్చుంది. మూడో రోజు ఇంకో ఇద్దరు. అమ్ము నల్లబల్ల మీద మొదటి పాఠం సమితులు మొదలెట్టింది. తప్పు రాసినప్పుడు వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు, చెరిపి మళ్లీ రాస్తోంది. తాతకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కేబిన్‌లో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని అందరినీ చూశాడు. కుర్చీకి మేకు ఒకటి లేచి ఉంది. మోకాళ్లు సలుపుతున్నాయి.

నాలుగో రోజున క్లర్కు మళ్లీ వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తెలుగులో అడిగాడు: "తాతా, మీరు మెల్టింగ్ షాపులో చేసినారా? నరసింగరావు తెలుసా, క్యాంప్ వన్?"

నూకరాజు ఆ మొహాన్ని అప్పుడు సరిగ్గా చూశాడు. "ఓరి, నరసింగరావు కొడుకువేట్రా నువ్వు? సతీష్‌కుమార్‌వా? మీ బాబు నాకు కింద సిగ్నల్ సూపీవోడు! మరి ఆ రోజు తెలుగు రానట్టు మాటాడినావేటి?"

"ఆఫీసులో తెలుగు మాటాడితే తెలుగోళ్ల లైను మొత్తం నా నెత్తికెక్కుతాది తాతా," అన్నాడు సతీష్‌కుమార్ సిగ్గుపడుతూ. తరవాత అసలు సంగతి చెప్పాడు. తల్లిదండ్రులు మళ్లీ రాసిస్తే పాత కాగితం చెల్లదు. కనీసం ఎనిమిది మంది రాస్తే మేడమ్ లిస్టు మార్చి, అతిథి టీచర్ని అడగొచ్చు. ఈ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి తనూ చెప్పలేదు.

ఎనిమిది మందిని పోగుచేసింది నూకరాజు కాదు, గున్నమ్మ. ఆమెకి చదువు రాదు, కుళాయి దగ్గర లైను మాత్రం ఆమెది. బిందె పెట్టిన ప్రతి ఆడదాన్నీ ఒకటే అడిగింది: "మీ చేత కూడా పెట్టించీసినారేటి, మీ గుంటకి లెక్కలొద్దని?" సగం మందికి తామేం సంతకం పెట్టారో తెలియదు. తెలిశాక వచ్చిన కోపం గల్లీలోకి వచ్చింది.

కుళాయి ఎదురుగా ఉన్న సైకిల్ షాపు గణపతిరావు ఒక్కడు అడ్డం తిరిగాడు. "ఆడగుంటలకి లెక్కలెందుకు అత్తా? బయో చదివితే నర్సు అవుతాది. నీడపట్టున ఉద్యోగం."

"అలాగేరా నాయినా," అంది గున్నమ్మ. "మీ ఆవిడ జాకెట్లు కుడతాది కదా, లెక్క లేకండానే కత్తిరిస్తాదేటి? సంక కాడ అంగుళం తప్పితే నువ్వెల్లి తొడుక్కుంటావా?"

లైనంతా నవ్వింది. షాపు వెనకింట్లో కుట్టుమిషను చప్పుడు ఆగింది. కాసేపటికి గణపతిరావు భార్య బయటికొచ్చి, చేతికి అంటుకున్న దారప్పోగులు దులుపుకుంటూ, "ఆ కాగితం నాకియ్యి అత్తా, నాను పెడతాను," అంది.

ముప్పయ్యో తేదీ సాయంత్రానికి తొమ్మిది దరఖాస్తులయ్యాయి. హిందీలో సతీష్‌కుమారే రాసిపెట్టాడు. ఒక్కొక్కటీ గట్టిగా చదివి, తెలుగులో చెప్పి, అప్పుడు కలం ఇచ్చాడు. నూకరాజు తన వంతు వచ్చినప్పుడు అమ్ము వైపు తిరిగాడు.

"నువ్వు సదువు. సదివినాక పెడతాను."

అమ్ము చదివింది. "మా అమ్మాయి గణితం కోరుతున్నది. ఇంతకు ముందు ఇచ్చిన కాగితం మా ఇష్టంతో ఇచ్చింది కాదు." తాత ఈసారి మూడు భాషల్లోనూ సంతకం పెట్టాడు. ఒకటి చాలన్నా వినలేదు.

ముప్పై ఒకటిన ప్రిన్సిపల్ మేడమ్ దరఖాస్తులతో పాటు డైరీలో పద్నాలుగు పేజీలు కూడా జిరాక్స్ తీయించింది. "తరగతి నడుస్తున్నది, ఉపాధ్యాయుడు మాత్రమే లేడు" అని ఉత్తరంలో రాసింది. రుజువు అడిగితే ఈసారి రుజువు ఉంది. లిస్టులో గణితం గడి కింద మూడేళ్ల తరవాత పేర్లు పడ్డాయి. తొమ్మిది. అమ్ము పేరు అయిదోది.

టీచర్ వెంటనే రాలేదు. ఆగస్టులో పదిహేడు పేజీలు అదే మాట రాశాడు నూకరాజు: రిలీవర్ రాలేదు. ఇద్దరు పిల్లలు భయపడి, టీచర్ రాకపోతే ఫెయిలవుతామని ఏడ్చారు. అమ్ము కూడా ఒక రోజు సుద్దముక్క కింద పెట్టేసి, "నాకే రాని పాఠం నేనెలా చెప్పను తాతా?" అంది. ఆయన డైరీ తెరిచాడు. "రాదని రాసుకుందాం," అన్నాడు. డైరీలో రాశాడు కూడా: "అయిదో పాఠం ఎవరికీ రాలేదు."

ఆగస్టు ఆఖరి వారంలో, గంట కొట్టిన పది నిమిషాలకి, తడిసిన గొడుగు మడుచుకుంటూ ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. కుర్చీలో బూట్లేసుకున్న ముసలాయన్ని చూసి తప్పు గదికి వచ్చాననుకుంది.

"నేను కృష్ణప్రియ. చరోదా నుంచి. మ్యాథ్స్‌కి అతిథి టీచర్‌గా..."

నూకరాజు లేచి నిలబడ్డాడు. మోకాలు పట్టేసింది, బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు. షిఫ్ట్ అప్పజెప్పేవాడు యంత్రం పరిస్థితి చెప్పి గానీ దిగకూడదు. "తొమ్మిది మంది ఉన్నారమ్మా. నాలుగు పాఠాలు అయినాయి, అందులో మూడోది కొంచెం వంకరగా అయ్యుంటాది, ఓ పాలి సూసుకో. అయిదోది అడ్డం పడిపోనాది. వానొస్తే ఆ మూల బెంచీ జరపాల. ఈ కుర్సీకి మేకుంది, సీర సిరుగుద్ది, జాగర్త." డైరీ తెరిచి ముందుకి జరిపాడు. "ఇక్కడ సంతకం పెట్టు తల్లీ. చార్జి తీసుకున్నానని."

చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వాళ్ల నాన్న యార్డులో ఇలాగే చార్జి అప్పజెప్పేవాడు. మారు మాట లేకుండా సంతకం పెట్టింది.

"పర్మనెంటేనా అమ్మా?"

ఆమె నవ్వబోయి మానేసింది. "కాదండీ. ఫిబ్రవరి దాకానే."

మనోజ్ గేట్‌పాస్ మీద కూడా అలాగే గడువు తీరే తేదీ ఒకటి ఉంటుంది. నూకరాజు తల ఊపాడు. వెనక పిల్లలు అప్పటికే అయిదో పాఠం తెరిచి కూర్చున్నారు. అమ్ము లేచి నల్లబల్ల మీద తన రాతని చెరుపుతోంది.

ఆయన డైరీ మడిచి చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఆగి, మళ్లీ తెరిచి, ఫిబ్రవరి ఆఖరి పేజీ వెతికి, దాని మీద ఒక్క మాట రాసి మూల మడిచాడు: "డ్యూటీ."

ఆ రోజు ఇంటికి త్వరగా వచ్చిన మొగుడిని చూసి గున్నమ్మ అంది: "వచ్చినాడేటి నీ రిలీవరు?"

"వచ్చింది."

"అమ్మయ్య. ఆ బూట్లు అటకెక్కించీ మరి."

"గుమ్మం పక్కనే ఉండనీ," అన్నాడు నూకరాజు.